పరీక్షలు చేస్తున్నాం, కాన్పుకు సిద్ధం చేయడం లేదు: ప్రసూతి ఆసుపత్రుల అధికారులకు, వైద్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ప్రసూతి వార్డులు నడుపుతున్న సూపరింటెండెంట్లకు, ప్రసూతి వైద్యులకు, జిల్లా వైద్యాధికారులకు నమస్కారం.

ముందు చెప్పాల్సిన మంచి మాట ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018-20 లెక్కల్లో లక్ష జననాలకు మాతృమరణాలు దేశం మొత్తం మీద 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇందులో మీ కష్టం, ఆశాల కష్టం, ఏఎన్ఎంల కష్టం ఉంది. ఎవరూ కాదనరు.

ఇక ఫిర్యాదు. తొలిచూలు గర్భిణి కార్డు తీసి చూడండి. బీపీ ఉంటుంది, బరువు ఉంటుంది, హిమోగ్లోబిన్ ఉంటుంది, స్కానింగ్ రిపోర్టులు పిన్ను కొట్టి ఉంటాయి. నొప్పులు మొదలయ్యాక కాన్పుకు ఎన్ని గంటలు పడుతుందో, ఏ నొప్పికి ఇంట్లో ఉండొచ్చో, ఏ నొప్పికి బయల్దేరాలో, ముక్కమని ఎప్పుడంటారో ఆమెకు చెప్పినవాళ్ళు మాత్రం ఉండరు. సినిమాల్లో అరుపులు, పక్కింటావిడ చెప్పిన భయాలు, వీటితోనే ఆమె కాన్పు గదిలోకి అడుగుపెడుతుంది. లోపలికి రాగానే తోడొచ్చిన అమ్మను బయట ఆపేస్తాం.

ఈ సంగతి సమీక్షా సమావేశాల్లో చెప్పాం. కాగితం మీద రాసిచ్చాం. "మంచి ఆలోచనే, చూద్దాం" అన్నారు. ఆ చూడటం ఇంకా అవలేదు కాబట్టి అందరికీ కనిపించేలా రాస్తున్నాం. రాస్తున్నది కాన్పు గదుల్లో పనిచేసే నర్సులం, మిడ్‌వైఫ్‌లం, గర్భిణులకు తరగతులు చెప్పేవాళ్ళం.

పైన చెప్పిన సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 81.5, ప్రభుత్వాసుపత్రుల్లోనే 44.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63, ప్రభుత్వంలో 26.6. దేశ సగటు 21.5. వీటిలో అవసరమైన ఆపరేషన్లు తల్లినీ బిడ్డనూ బతికించాయి, వాటి మీద మాకు పేచీ లేదు. మిగతా వాటికి డబ్బు ఆశ ఒక్కటే కారణమని బయట అంటుంటారు. ప్రభుత్వాసుపత్రిలో ఆ ఆశ లేదు కదా, మరి 44.5 ఎందుకు? మాకు కనిపించే కారణాల్లో పెద్దది, ఏమీ తెలియకుండా, ఎవరి తోడూ లేకుండా, భయంతో వచ్చే తల్లి. దానివల్ల ఏం జరుగుతోందో కింద వరసగా రాస్తున్నాం.

1. "డేటు దాటిపోయింది" అనే భయం.

ఆఖరిసారి ముట్టు మొదలైన రోజుకు 9 నెలల 7 రోజులు కలిపి కాన్పు తేదీ ఇస్తాం. జనవరి 10 అయితే అక్టోబరు 17. సరిగ్గా ఆ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. 37 వారాలు నిండినప్పటి నుంచి 42 వారాల లోపు ఎప్పుడైనా మామూలు కాన్పు జరగొచ్చు. కానీ ఇంట్లోవాళ్ళకు మనం అంకె ఒక్కటే చెప్తాం, ఈ ఎడం గురించి చెప్పం. పైగా ప్రతి స్కానింగులో కొత్త తేదీ వస్తుంది. మూడో నెలలో చేసిన స్కానింగు తేదీకి నాలుగైదు రోజులు అటూ ఇటూ తేడా ఉండొచ్చు. ఎనిమిదో నెలలో చేసినదానికి రెండు మూడు వారాలు తేడా రావొచ్చు. కుటుంబం అన్నిటికంటే ముందున్న తేదీని పట్టుకుంటుంది. ఆ రోజు దాటగానే "నొప్పులు రావట్లేదు, ఆపరేషన్ చేసేయండి" అని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఏ తేదీని లెక్కలోకి తీసుకోవాలో కార్డు మీద ఒక్కసారి ఎర్ర సిరాతో రాసి గుండ్రం చుడితే ఈ రభస సగం తగ్గుతుంది.

ముహూర్తాల సంగతీ ఇక్కడిదే. మంచి నక్షత్రం కోసం 39 వారాలు నిండకముందే, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు సరిగ్గా ఇంకకపోవచ్చు. నొప్పులే ఆ నీటిని ఇంకించే పని మొదలుపెడతాయి. జాతకం బాగుండాలని ముందుగా తీసిన బిడ్డ, ఎగశ్వాసతో మొదటి రెండు మూడు రోజులు నవజాత శిశు వార్డులో గడపాల్సి రావచ్చు. ఆ రెండు మూడు రోజులు తల్లి పక్కన ఉండదు, ముర్రుపాలు సరిగా అందవు. పంచాంగం చూసినవారికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? మనమే.

2. బయల్దేరాల్సిన వేళ తెలియకపోవడం.

ఇది అన్నిటికంటే ఖరీదైన అజ్ఞానం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

దొంగ నొప్పులకు వరస ఉండదు. పది నిమిషాలకొకటి వస్తుంది, తర్వాత అరగంట రాదు. నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా, గోరువెచ్చని నీళ్ళు పోసుకున్నా తగ్గుతుంది. అసలు నొప్పి నడుం దగ్గర మొదలై పొత్తికడుపులోకి వస్తుంది, రాను రాను దగ్గరవుతుంది, గట్టిపడుతుంది, నడిస్తే ఇంకా పెరుగుతుంది. లెక్క ఎలా పెట్టాలంటే, ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి మళ్ళీ నొప్పి మొదలయ్యేదాకా. చాలామంది నొప్పి తగ్గినప్పటి నుంచి లెక్కపెడతారు, అంకె తప్పుతుంది. ఆసుపత్రి అరగంట దూరంలో ఉండి, తొలికాన్పు అయి, వేరే ఇబ్బందులేవీ లేకపోతే, ఐదు నిమిషాలకొక నొప్పి, ఒక్కోటి 45 నుంచి 60 సెకన్లు, ఇలా గంటసేపు సాగాక బయల్దేరితే సరిపోతుంది. రెండో కాన్పుకు అంతసేపు ఆగకూడదు. దూరం ఎక్కువైతే, ముందు సిజేరియన్ అయి ఉంటే, కవలలుంటే, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంటే, బీపీ ఉంటే మొదటి నొప్పికే బయల్దేరాలి.

ఇవేవీ తెలియని అమ్మాయి మొదటి నొప్పికే వచ్చేస్తుంది. చూస్తే గర్భసంచి ముఖద్వారం రెండు సెంటీమీటర్లు. చేర్చుకుంటాం. మంచం మీద వెల్లకిలా పడుకోబెడతాం. నాలుగు గంటల తర్వాత చూస్తే మూడు. పక్క మంచాల్లో అరుపులు, ఆమెలో భయం. భయపడ్డ ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గర్భసంచి నొప్పులు మందగిస్తాయి. "ముందుకు సాగట్లేదు" అని సెలైన్‌లో నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందు కలుపుతాం. నొప్పులు ఒక్కసారిగా మీద పడతాయి. నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం తగ్గితే మాయకు రక్తం అందే వ్యవధి తగ్గి, బిడ్డ గుండె వేగం పడిపోతుంది. అప్పుడు ఆపరేషన్ తప్పదు. నిజంగానే తప్పదు. కానీ ఆ అవసరాన్ని పొద్దుటి నుంచీ మన చేతులతో మనమే తెచ్చిపెట్టుకున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది: కాన్పులో చురుకైన దశ ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడు మొదలవుతుంది, అంతకుముందు దశకు ఇంత సమయమని ప్రమాణమేదీ లేదు, ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుంది. ఐదు దాటాక కూడా తొలికాన్పుకు 12 గంటల దాకా, తర్వాతి కాన్పులకు 10 గంటల దాకా పట్టవచ్చు. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్కతో మామూలు కాన్పుల్లో తొందరపడొద్దని కూడా అందులోనే ఉంది. మన కాన్పు గదుల గోడల మీద పాత లెక్కే వేలాడుతోంది.

దీనికి పూర్తి విరుద్ధమైన తప్పు కూడా జరుగుతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. ఉమ్మనీరు పోయినా "నొప్పులు లేవు కదా" అని ఇంట్లో కూర్చోవడం. నీరు పోతే నొప్పి ఉన్నా లేకపోయినా రావాలి. పోయిన వేళ, నీటి రంగు గుర్తుంచుకుని చెప్పాలి. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం. రక్తస్రావం, కళ్ళు మసకబారడంతో కూడిన తలనొప్పి, ముఖం చేతులు ఉబ్బడం, గుండె కింద నొప్పి, జ్వరం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగకూడదు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే ఏదైనా తిని, ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే తెల్లారేదాకా చూడొద్దు.

3. తోడు లేకపోవడం.

కాన్పు గదిలో గర్భిణి వెంట ఒక తోడును ఉండనివ్వవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. కాన్పు గదుల నాణ్యత పెంచడానికి 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలో ఇది కూడా ఒక కొలమానం. షరతులు తేలికే. తోడుకు అంటువ్యాధి ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, కాన్పు అయ్యేదాకా ఉండాలి, సిబ్బంది పనికి అడ్డుపడకూడదు, వేరే స్త్రీల దగ్గరికి వెళ్ళకూడదు. ఆడవాళ్ళయితే కాన్పు అనుభవం ఉన్నవాళ్ళు మేలు. చాటు ఉన్నచోట భర్తను కూడా రానివ్వొచ్చు.

ఏళ్ళు గడిచాయి. చాలాచోట్ల తలుపు దగ్గర ఆయా ఇంకా చేయి అడ్డం పెడుతూనే ఉంది.

మీ ఇబ్బందులు మాకు తెలుసు. ఒక్కరిని రానిస్తే నలుగురొస్తారని, గొడవ చేస్తారని, ఫోనుతో వీడియోలు తీస్తారని అంటారు. నిజమే, ఒక్కోసారి అలా జరుగుతుంది. కానీ రెండు టేబుళ్ళ మధ్య ఒక పరదా, ఒక స్టూలు, ఉతికిన గౌను, చెప్పులు, బయట ఫోను పెట్టుకునే అర, ఇంతే కావాలి. తోడు ఉన్నవాళ్ళకు మామూలు కాన్పులు ఎక్కువని, నొప్పుల వ్యవధి తక్కువని, సిజేరియన్లు తక్కువని 26 పరిశోధనలు, 15 వేల మందికి పైగా స్త్రీల వివరాలు కలిపి చూసిన సమీక్ష చెప్పింది. మందుగా అమ్మితే దీన్ని ఏ ఆసుపత్రీ కొనకుండా ఉండదు.

ఇంకోటి, ఇబ్బందిగా ఉన్నా రాయక తప్పదు. తోడు లేనిచోటే తిట్లు, దెబ్బలు ఎక్కువ. "అప్పుడు తెలీలేదా, ఇప్పుడు అరుస్తున్నావ్" అన్న మాట ఈ వృత్తిలో విననివారు లేరు. ఆమె ఆ మాటను ఆసుపత్రిలో వదిలిపెట్టి వెళ్ళదు. చెల్లెలికి చెప్తుంది. ఆ చెల్లెలు రెండేళ్ళ తర్వాత అప్పు చేసి ప్రైవేటుకు వెళ్ళి ఆపరేషన్ అడుగుతుంది.

4. టేబుల్ మీద జరిగేవి.

వెల్లకిలా పడుకుంటే నిండు గర్భం బరువు వెన్ను పక్కన ఉన్న పెద్ద రక్తనాళాలను నొక్కుతుంది. తల్లికి కళ్ళు తిరుగుతాయి, బిడ్డకు రక్తం తగ్గుతుంది. నడవడం, గోడ పట్టుకుని ముందుకు వంగడం, మోకాళ్ళ మీద ఉండటం, ఎడమ పక్కకు తిరగడం, ఏదైనా వెల్లకిలా కంటే మేలు. ప్రమాదమేమీ లేని కాన్పులో గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, మెత్తటి ఇడ్లీ ఇవ్వొచ్చు. పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉంచి, ఆఖరున "బలంగా ముక్కు" అంటే ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? రెండు గంటలకోసారి మూత్రానికి పంపకపోతే నిండిన మూత్రసంచి బిడ్డ తల దిగకుండా అడ్డుపడుతుంది. చిన్న సంగతే, చాలాసార్లు మరచిపోయేది ఇదే.

పొట్ట మీద మోచేత్తో నొక్కడం పూర్తిగా ఆపాలి. గర్భసంచి చిట్లవచ్చు, కింద మలద్వారం దాకా చిరగవచ్చు. తొలికాన్పు అనగానే కాన్పు దారికి కత్తెర పెట్టి కోయడం, ఎనిమా ఇవ్వడం, కింది వెంట్రుకలు గీసెయ్యడం, ఇవన్నీ అందరికీ అలవాటుగా చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పి ఏళ్ళయింది. లోపరీక్ష నాలుగు గంటలకొకసారి చాలు. అటుగా వచ్చిన ప్రతి విద్యార్థీ నేర్చుకోవడానికి ఆమె ఒళ్ళు పాఠం కాదు.

5. పుట్టింటి ప్రయాణంలో జారిపోయే వైద్యం.

మనవాళ్ళలో తొలికాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో చీర, గాజులు పెట్టి తీసుకెళ్తారు. హైదరాబాద్‌లో పరీక్షలు చేయించుకున్న అమ్మాయి శ్రీకాకుళంలో కంటుంది. మన వ్యవస్థ మాత్రం ఆమె కదలదన్నట్టే నడుస్తోంది. కొత్త ఊళ్ళో ఆశాకు ఆమె ఎవరో తెలియదు. కార్డు అత్తగారింట్లో బీరువాలో ఉండిపోతుంది. చేసిన పరీక్షలే మళ్ళీ చేస్తారు, చేయాల్సినవి జారిపోతాయి.

ఏవి జారిపోతాయో చూడండి. ఏడో నెల అంటే 28 వారాలు. నెగెటివ్ గ్రూపు తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి విరుద్ధంగా యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాల్సింది సరిగ్గా అప్పుడే. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చక్కెర చూసే రెండో పరీక్ష 24-28 వారాల్లో. ఈ రెండూ రెండు ఊళ్ళ మధ్య బస్సులో పోతున్నాయి. యాంటీ-డి తప్పితే దెబ్బ తర్వాతి బిడ్డకు తగలవచ్చు, కాబట్టి ఎవరికీ వెంటనే కనిపించదు.

6. రక్తహీనత.

అదే సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. కాన్పులో అరలీటరు రక్తం పోతే హిమోగ్లోబిన్ 11 గ్రాములున్న తల్లి తట్టుకుంటుంది, 7 ఉన్న తల్లి కుప్పకూలుతుంది. మనం 180 ఐరన్ మాత్రలు చేతిలో పెడతాం, వేసుకునే విధానం చెప్పం. కాఫీ, టీలతో వేసుకుంటే పట్టదు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే పట్టదు, రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. నిమ్మరసంతోనో, జామకాయ తినో వేసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తే భయం లేదు. ఐరన్ మాత్రలతో బిడ్డ నల్లగా పుడుతుందన్నది, వాటితో బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్నది, రెండూ అబద్ధం. ఈ రెండు నమ్మకాలు మాత్రల డబ్బాలను అటకెక్కిస్తున్నాయి.

7. మొదటి కోత తర్వాత.

తొలికాన్పు సిజేరియన్ అయితే రెండోది కూడా అదేనని రాసి పెట్టినట్టు చేస్తున్నాం. కింద అడ్డంగా ఒక్క కోత ఉండి, వేరే ఇబ్బంది లేనివారిలో ప్రయత్నిస్తే పదిమందిలో ఆరేడుగురికి మామూలు కాన్పు అవుతుంది. దానికి బిడ్డ గుండెను గమనించే మనిషి, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగల ఏర్పాటు ఉండాలి, అవి లేనిచోట ప్రయత్నించమని మేం అనం. ఉన్నచోట కూడా అడగడం లేదన్నదే మా బాధ. కోతలు పెరిగేకొద్దీ మాయ పాత కుట్టు మీద అతుక్కుని ఊడిరాని ప్రమాదం పెరుగుతుంది. "ఎలాగూ పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించాలి, రెండూ ఒకేసారి అయిపోతాయి" అనే లెక్క మన దగ్గర బాగా ఉంది. మామూలు కాన్పు తర్వాత వారం లోపు చిన్న కోతతో ఆ ఆపరేషన్ అవుతుందని వాళ్ళకు చెప్పేవారెవరు?

ఇప్పుడు మా కోరికలు. కొత్త భవనాలు, కొత్త పోస్టులు అడగడం లేదు.

1. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులు ఎలాగూ వస్తున్నారు. 2016 నుంచీ వస్తున్నారు. వరసలో గంటలు కూర్చుంటున్నారు. ఆ కూర్చునే సమయంలో ఒక గంట మాకివ్వండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలల్లో ఒక్కోసారి, మొత్తం మూడు తరగతులు.

ఏడో నెల తరగతికి ఒక బెలూను, ఒక పింగ్‌పాంగ్ బంతి చాలు. బంతిని బెలూన్‌లో వేసి ఊది, మూతి వదులుగా పట్టుకుంటే బంతి మెడ దగ్గర కూర్చుంటుంది. పక్కల నుంచి నొక్కితే మెడ మారదు, ఇవి దొంగ నొప్పులు. పై నుంచి నొక్కుతూ పోతే మెడ ముందు పొట్టిదవుతుంది, తర్వాత తెరుచుకుంటుంది, ఆఖరికి బంతి బయటికొస్తుంది. మెడ పొట్టిదయ్యే దశకే ఎక్కువ గంటలు పడతాయని కళ్ళతో చూశాక మళ్ళీ చెప్పనక్కర్లేదు. సీమంతంలో తొడిగిన గాజు తీసి చూపించమనండి. 2.2 సైజు గాజు లోపలి వెడల్పు దాదాపు 5.4 సెంటీమీటర్లు. ముఖద్వారం కొంచెం అటూ ఇటూగా ఆ గాజంత అయినప్పుడు అసలు కాన్పు మొదలు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు పది, అంటే మామూలు పూరీ అంత.

ఎనిమిదో నెల తరగతికి తోడు కూడా రావాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నోటితో వదలడం. నిమిషం నొప్పికి ఆరు ఊపిర్లు. గబగబా ఊపిరి తీస్తే వేళ్ళు తిమ్మిరెక్కి కళ్ళు తిరుగుతాయి. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కాలనిపిస్తే, పొంగే పాల మీద ఊదినట్టు చిన్నచిన్నగా ఊదాలి. లేకపోతే ముఖద్వారం వాస్తుంది, కాన్పు ఇంకా ఆలస్యమవుతుంది. తోడు చేయాల్సింది, నొప్పి వచ్చినంతసేపూ నడుం కింది చదును ఎముక మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో గట్టిగా అదమడం, మధ్యమధ్య గుక్కెడు నీళ్ళివ్వడం, "ఇంకెంతసేపు" అని నర్సును అడగకుండా ఉండటం. చివరి పదిహేను నిమిషాలు కాన్పు గది చూపించండి. ఆ లైటు, ఆ టేబుల్, ఆ వాసన ఒకసారి చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు అంత బెదరరు.

తొమ్మిదో నెలలో సంచి, బండి, ప్రమాద సూచనలు, పుట్టాక మొదటి గంట. సంచిలో తల్లీబిడ్డల కార్డు, రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ఉతికిన పాత నూలుచీరలు రెండు మూడు, ముందు తెరుచుకునే నైటీలు, ప్యాడ్లు, బిడ్డకు మెత్తటి ఉతికిన గుడ్డలు ఐదారు, టోపీ, సాక్సులు, గ్లాసు, ఫ్లాస్కు. తేనె సీసా, ఆముదం వద్దు. పుట్టిన బిడ్డను తల్లి రొమ్ము మీద గంటసేపు ఉంచాలని, బొడ్డు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కట్ చేస్తారని, ముర్రుపాలు పిండి పారేయకూడదని, మొదటి రోజు స్నానం పోయొద్దని, బాలింతకు నీళ్ళు తగ్గించకూడదని చెప్పాలి. అమ్మమ్మ ఎదురుగా చెప్పాలి, నిర్ణయాలు ఆమెవి కాబట్టి.

2. 36వ వారంలో తోడు పేరు కార్డు మీద రాసి ముద్ర వేయండి. ఆ ముద్ర ఉన్నవారిని తలుపు దగ్గర ఎవరూ ఆపకూడదు.

3. ఐదు సెంటీమీటర్ల లోపు, ఇబ్బందులేవీ లేకుండా, దూరం నుంచి వచ్చినవారికి కాన్పు టేబుల్ కాదు, వేరే గది ఇవ్వండి. నడవడానికి వరండా, పడుకోవడానికి చాప, వేడినీళ్ళు. పాడేరు, సాలూరు వంటి గిరిజన ప్రాంతాల్లో డోలీ మోతలు తప్పించడానికి గర్భిణులను ముందుగానే తెచ్చి ఉంచే వసతి గృహాల ఆలోచన వచ్చింది. మైదాన ప్రాంతపు ఆసుపత్రుల్లో అందులో పదోవంతు ఏర్పాటు చాలు.

4. పుట్టింటికి వెళ్ళేవారికి బదిలీ చీటీ. రక్తం గ్రూపు, ఖరారైన తేదీ, హిమోగ్లోబిన్, గ్లూకోజు పరీక్ష, యాంటీ-డి ఇచ్చారా లేదా, చేరబోయే ఊరి ఆశా ఫోన్ నంబరు. ఆరు గళ్ళ కాగితం.

5. 18 నెలలు శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను కాన్పు గది నుంచి కదపొద్దు. తెలంగాణ ఈ శిక్షణ 2017లో మొదలుపెట్టింది, 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అంత ఖర్చు పెట్టి తయారుచేసిన మనిషిని కంటి వార్డులో, ఓపీ చీటీల దగ్గర కూర్చోబెట్టడంలో అర్థం లేదు.

6. జననీ శిశు సురక్ష పథకం కింద 2011 నుంచి ఏవేవి ఉచితమో తెలుగులో పెద్ద అక్షరాలతో కాన్పు గది బయట రాయించండి. మందులు, పరీక్షలు, రక్తం, ఆపరేషన్, మామూలు కాన్పుకు మూడు రోజుల భోజనం, సిజేరియన్‌కు ఏడు రోజులు, ఇంటి నుంచి రావడానికి, తిరిగి వెళ్ళడానికి బండి. పక్కనే ఇంకో వాక్యం: బాబు పుట్టాడనో పాప పుట్టిందనో ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

7. ప్రతి నెలా ఒక్క అంకె బోర్డు మీద పెట్టండి. తొలికాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, 37 వారాలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. అలాంటి వారిలో ఎందరికి సిజేరియన్ చేశారు? వర్గాలుగా విడదీసి లెక్క చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మొత్తం సిజేరియన్ల శాతం చూపిస్తే, కష్టమైన కేసులన్నీ మా దగ్గరికే వస్తాయని ప్రతి ఆసుపత్రీ తప్పించుకుంటుంది. ఈ అంకె దగ్గర ఆ వీలు లేదు.

వచ్చే నెల 9న ఏయే ఆసుపత్రుల్లో మొదలుపెట్టవచ్చో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయండి. బెలూన్లు, బంతి, గుడ్డబొమ్మ, బోధించే మనుషులు మా వంతు. ఫ్యాను ఉన్న ఒక గది, ముప్ఫై మందికి చాపలు, తాగునీళ్ళు మీ వంతు.

ఇట్లు,
కాన్పు గదుల్లో పనిచేసే నర్సులు, మిడ్‌వైఫ్‌లు, ప్రసవ శిక్షకులు